నోట్లో గుండుసూదులు

మార్చి 3

ముందుగా ఈ రాతకి క్షమించాలి. అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. ఎవరు క్షమించాలో నాకే తెలియదు, ఇది ఎవరూ చదివేది కాదు. అయినా అలవాటు. చిన్నప్పుడు పంతులుగారు నా పలక చూసి కోడి కెలికినట్టుందిరా అన్నారు. ఆ రోజు నుంచి ఎవరికి ఏం రాసినా మొదటి ముక్క మన్నించమనే. ఐదో తరగతితో బడి సరి.

ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. మెడ చుట్టూ గట్టి పట్టీ ఉంది, తల కిందికి వంగదు. పుస్తకాన్ని రేకు డబ్బాకి చేరేసి, ముఖానికి ఎదురుగా నిలబెట్టుకుని, గోడ మీద రాసినట్టు రాస్తున్నాను.

మెడకి ఆపరేషన్ అయింది. గొంతు వైపు నుంచి కోసి, అరిగిపోయింది తీసేసి, రెండు ఎముకలూ ఒక్కటిగా అతుక్కునేలా రేకు పెట్టి మరలు బిగించారట. చేతుల తిమ్మిరి పోయింది, అది నిజం. గొంతు కూడా పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది. బొంగురు తగ్గేదాకా ఎక్కువ మాట్లాడొద్దన్నారు. ఆ మాటకి అందరూ నవ్వారు. మా బావ ఎప్పుడు మాట్లాడాడు గనక, అన్నాడు మా ఆవిడ తమ్ముడు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఈ పుస్తకం ఇచ్చింది. రోజూ ఎక్కడ నొప్పో రాయాలట.

నొప్పి లేదు.

మార్చి 4

నొప్పి లేదు. నడుము మామూలే.

మార్చి 6

బావమరిది వచ్చాడు. మాకు పిల్లలు లేరు, ఆ లోటు అతను తీరుస్తుంటాడు. ఏ రోగానికైనా అతనికి తెలిసిన డాక్టరు ఉంటాడు, ఏ ఆఫీసులోనైనా తెలిసిన గుమాస్తా ఉంటాడు. మెడ ఆపరేషన్ కూడా అతని చలవే. కాదనను. కానీ వచ్చి కుర్చీ లాక్కుని వాళ్ళక్కకి ఎదురుగా కూర్చున్నాడు, నాకు పక్కగా. నేను పక్కకి తిరగలేను. నాకు అతని చెవి ఒక్కటే కనబడింది. చెవితో ఏం మాట్లాడతాం.

నడుములో కూడా ఎముక జారిందట. మూడు నెలలాగి దానికీ చేయించేద్దాం అంటున్నాడు. రెండు కడ్డీలు వేసి బిగిస్తే బావ ఇనుప మనిషేనట.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఊపాననుకున్నాను. పట్టీలో తల ఎక్కడిదక్కడే ఉంది.

"ఆయనకి ఇష్టమేలేరా" అంది.

ఇక్కడొక సంగతి రాయాలి. నేను దర్జీని. దర్జీకి నోటితో పని లేదు. నోటి నిండా గుండుసూదులుంటాయి. గుడ్డ మీద మడతపెట్టి ఒక్కొక్కటీ తీసి గుచ్చుతుంటే అవతలి మనిషి అడుగుతూనే ఉంటాడు. గురువారానికి అయిపోతుందా? తల నిలువుగా. ఇంకొంచెం వదులు పెట్టొచ్చా? తల అడ్డంగా. నోరు తెరిస్తే సూదులు రాలిపోతాయి. మాట్లాడటం రాదు కనక ఈ పని పట్టుకున్నానా, ఈ పనిలో పడి మాట్లాడటం మానేశానా అంటే చెప్పలేను. సూదులు లేనప్పుడు కూడా తలే ఊపాను. పెళ్ళిచూపుల్లోనూ తలే ఊపాను. మా ఆవిడ ఆ తలని చదవడం నేర్చుకుంది. ఆయన మనసు నాకు తెలుసు అంటుంది అందరితో. అది నిజమే, చాలావరకు.

ఇప్పుడీ మెడ నిలువుకీ రాదు, అడ్డానికీ రాదు. ఊగని తలకి మా ఇంట్లో ఒకటే అర్థం. సరే అని.

నా నడుము. సరే అన్నది ఎవరు?

మార్చి 7

వంగకూడదు కదా, స్నానం మా ఆవిడే చేయిస్తోంది. స్టూలు మీద కూర్చోబెట్టి మెడ తడవకుండా భుజాల నుంచి కిందికి పోస్తుంది. పోస్తున్నంతసేపూ కబుర్లు. ఎదురింటివాళ్ళు మేడ వేస్తున్నారట. తమ్ముడు కారు కొన్నాడట, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదట. పొయ్యి మీది గిన్నె తెచ్చి బకెట్టులో కలపబోతుంటే చెయ్యి జారి నా కుడి పాదం మీద ఒలికింది. ఆవిడ కెవ్వుమంది. ఏమైందే అన్నాను.

నీళ్ళు అంత వేడి ఉండి ఉండవు.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. తుడిచి, చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టింది. నా బొత్తాలు నేను పెట్టుకోగలను, చేతులు బాగయ్యాయి. ఆ మాట గొంతులోంచి వచ్చేలోపు వెళ్ళిపోయింది. మా ఆవిడ అంతసేపు నోరు మూసుకుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తన చెయ్యి కాలిందేమో.

మార్చి 8

కుడి పాదం మీద బొబ్బ లేచిందట. మా ఆవిడ మందు రాసింది. నాకు కనబడదు. చెప్పు ఒరుసుకుని ఉంటుంది.

నొప్పి లేదు.

మార్చి 9

ముందు గదిలోంచి వీధి గుమ్మం దాకా నడిచాను. మనిషంతా వెనక్కి తిరిగి చూస్తే కుడికాలి చెప్పు దారి మధ్యలో ఉంది. కొత్త చెప్పులు, వదులు. ఈ రోజుల్లో ఏదీ సరిగ్గా చెయ్యరు. కుట్టు కూడా ఒంటి దారం.

మా ఆవిడ చెప్పు తెచ్చి కాలికి తొడిగింది. వంటింట్లోకి పోయి తమ్ముడికి ఫోను చేసింది, గొంతు తగ్గించి. రేపే డాక్టరు దగ్గరికట. మూడు నెలలన్నవాళ్ళకి ఇంత తొందరేమిటి? కొత్త కారు, తిప్పాలని ఉంటుంది.

మార్చి 10

పెద్ద డాక్టరు గది. గోడకి వెలిగే పెట్టె, దాని మీద నా నడుము. నేను స్టూలు మీద, వాళ్ళిద్దరూ కుర్చీల్లో. డాక్టరు పెన్ను పట్టుకుని నా నడుముని బావమరిదికి చూపిస్తున్నాడు. ఇదిగో ఈ ఎముక ముందుకి జారింది, దీని కింద నరం నలుగుతోంది, ఇటు రెండు అటు రెండు మరలు, మధ్యలో కడ్డీలు. బావమరిది మెకానిక్కులా తలూపుతున్నాడు. పేషెంటుకి షుగరుందా అని డాక్టరు మా ఆవిడని అడిగాడు. పేషెంటుకి నిద్ర పడుతోందా అని మా ఆవిడని అడిగాడు. పేషెంటు రెండు అడుగుల దూరంలో ఉన్నాడు.

కొనుక్కొచ్చిన గుడ్డని నా బల్ల మీద పరిచి, కాలరు ఇలా ఉండాలి, చెయ్యి పొట్టిగా ఉండాలి అని జనం నాతో మాట్లాడతారు. గుడ్డని ఎవరూ అడగరు. ఇవాళ నేను ఆ గుడ్డని. అయినా కత్తెర పెట్టబోయే ముందు నేను గుడ్డని తడుముతాను. లాగి చూస్తాను, నిలువేదో అడ్డమేదో. నా కొట్లో గుడ్డకి కూడా ఆ మాత్రం మర్యాద ఉంది.

డాక్టరు కుడికాలి బొటనవేలు పైకెత్తమన్నాడు. ఎత్తాను. ఎత్తలేదన్నాడు. మళ్ళీ ఎత్తాను. ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆయనకి చత్వారం వచ్చి ఉంటుంది.

"నొప్పి సంగతి కాదమ్మా, కాలి బలం పోతోంది" అన్నాడు. నరం ఎక్కువ కాలం నలిగితే తర్వాత ఎంత బాగా చేసినా తిరిగి రాకపోవచ్చట. తొందరగా చేస్తే వచ్చే అవకాశం ఎక్కువట. పూర్తిగా వస్తుందని మాటివ్వలేనన్నాడు. ఎవరి కాలు గురించి చెబుతున్నాడో.

ఏమైనా అడగాలా అన్నాడు. బావమరిది అడిగాడు, ఆపరేషన్ తర్వాత కారులో ఎంత దూరం తీసుకెళ్ళొచ్చని. మా ఆవిడ అడిగింది, నేల మీద కూర్చోవచ్చా అని. నేను అడగాల్సింది ఒకటి ఉంది. నాలుక మీదికి వచ్చింది. కడ్డీలు వేశాక కుట్టుమిషన్ ముందు కూర్చోగలనా? తొక్కగలనా? బొంగురు గొంతు సవరించుకునేసరికి డాక్టరు లేచి నిలబడ్డాడు.

మా ఆవిడని అడిగాడు, ఆయనకి అర్థమైందా అమ్మా అని.

"ఆయన మనసు నాకు తెలుసు డాక్టరుగారూ. ఆయన మాట నేను చెబుతున్నాగా."

ఇరవయ్యో తారీఖు ఖాయం చేశారు. దారి పొడుగునా బావమరిది కారు గురించే చెప్పాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు చిర్రుబుర్రుమంటూనే ఉంది. నా తరఫున అదొక్కటే మాట్లాడింది.

మార్చి 12

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది.

బావ ఇంక కూర్చోలేడు కదక్కా, కొట్లో మిషన్ ఎందుకు తుప్పు పట్టడం, అన్నాడు బావమరిది. నా కొట్టు పక్కనే ఇస్త్రీ బల్ల పెట్టుకున్న మనిషి ఉన్నాడు. వాళ్ళ తమ్ముడు కుట్టుపని నేర్చుకున్నాడు, వాళ్ళకి ఇచ్చేద్దామట. మా ఆవిడ నా వైపు తిరిగి చూసింది. నేను పట్టీలోపల ఎంత బలం ఉంటే అంత బలంగా తల అడ్డంగా తిప్పాను. మరలు ఊడిపోతాయేమో అనిపించింది. తల కదల్లేదు. వద్దు అన్నాను. గాలి వచ్చింది, మాట రాలేదు. అప్పటికే బావమరిది మాట్లాడుతున్నాడు.

"కాదంటే ఈపాటికి తల ఊపేవారు" అంది మా ఆవిడ.

పట్టీ వేసింది డాక్టరు, కట్టింది మా ఆవిడ, రోజూ విప్పి తుడిచి మళ్ళీ బిగించేది మా ఆవిడే. ఆ తల ఊగదని ఈవిడకి తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఊగలేదని చూస్తోంది. నలభై ఏళ్ళ అలవాటు ముందు కళ్ళెదుటి పట్టీ కూడా ఆనదు కాబోలు.

నోట్లో నాలుక లేనివాడని నన్ను అందరూ అంటారు. నాలుక ఉంది. అడిగి, రెండు నిమిషాలు ఆగేవాళ్ళు లేరు.

మార్చి 13

కోపంగా ఉంది. నొప్పి ఎక్కడ అని అడిగితే ఇవాళ అదే రాయాలి.

మార్చి 14

మా ఆవిడ బజారుకి వెళ్ళిన వేళ చూసి కొట్టుకి వెళ్ళాను. ఎంతో దూరం కాదు, మలుపు తిరిగితే కొట్టే. అయినా గోడలు పట్టుకుని వెళ్ళాను. తల వంచకుండా నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు ఈ ముసలాయనకి ఇంత పొగరేమిటన్నట్టు చూశారు.

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి పరుగున వచ్చాడు. తాళం అతనే తీశాడు. ఆదివారం మిషన్ ఎత్తుకుపొమ్మని మీ బావమరిది చెప్పాడు మాస్టారూ, మీరు బాధపడకండి, మావాడు కన్నబిడ్డలా చూసుకుంటాడు, అన్నాడు.

"వద్దు" అన్నాను.

వచ్చింది. బొంగురుగా, పాత తలుపు తీసినట్టు, కానీ వచ్చింది.

అతను నోరు తెరిచి నన్నే చూశాడు. "ఇన్నేళ్ళు పక్కనే ఉన్నాను మాస్టారూ, మీ గొంతు ఇదా?"

"ఇది కొత్తది" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మెడ లాగింది. మీరు వద్దంటే వద్దే, మీ నోటితో చెప్పారు, ఇంక ఎవరు చెప్పినా ముట్టుకోను, అని ఒట్టు పెట్టుకున్నాడు. అంత తేలికా? ఒక్క మాటకే?

అతను బల్ల దగ్గరికి వెళ్ళాక మిషన్ మీది గుడ్డ తీశాను. దుమ్ము ఎక్కువ లేదు. ముక్క గుడ్డ ఒకటి సూది కింద పెట్టాను. తల వంగదు గనక వేళ్ళతోనే చూసుకున్నాను. చేతులు హాయిగా పనిచేశాయి, తిమ్మిరి లేదు. చక్రం చేత్తో ఒక తిప్పు తిప్పి తొక్కడం మొదలుపెట్టాను.

ఒక తిప్పు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆగింది.

బెల్టు వదులైంది.

గుడ్డ కప్పేసి వచ్చేశాను.

మార్చి 15

బెల్టు వదులైంది. తోలు బెల్టు, వాడకపోతే వదులవుతుంది. అంతే.

మార్చి 16

నేను మిషన్ ఇవ్వనన్నానని ఇస్త్రీ ఆయన చెప్పాడట, పొద్దున్నే బావమరిది వచ్చి పరువు తీశావు బావా అన్నాడు. ఇస్తానన్నవాడు అతను, పరువు పోయిందీ అతనిదే, తీసింది నేను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా మిషన్ దానం చెయ్యడానికి ఇతనెవరు? అది మాత్రం అనలేదు.

మా ఆవిడ వేరేగా అడిగింది. వద్దనుకుంటే ఆ మాట నాతో చెప్పొచ్చుగా, ఇస్త్రీ ఆయనతో చెప్పాలా, అని. నేను చెప్పానే అని రాస్తున్నాను ఇక్కడ. ఇన్నేళ్ళుగా తలతో చెబుతూనే ఉన్నాను. తల పోయిన రోజునైనా నోరుందేమో చూడొచ్చుగా.

తర్వాత వ్యాయామం అమ్మాయి వచ్చింది. నా పాదం కింద అరచెయ్యి పెట్టి తొయ్యండి తాతయ్యా అంది. తోశాను. తెలుస్తోందా అంది. నేను మామూలుగా ఊరుకున్నాను.

"నాకు మీ తల ఊగడం కనబడదు తాతయ్యా. నోటితో చెప్పండి. నాకేం తొందర లేదు."

పాదం పట్టుకుని అలాగే కూర్చుంది. ఎదురింట్లో మేడ మీద సుత్తి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. అమ్మాయి కదల్లేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నోరు తెరవబోతే, ఆ పిల్ల ఆమె వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. మా ఇంట్లో మా ఆవిడని ఊరుకోమన్న మొదటి మనిషి.

"తెలియడం లేదు" అన్నాను.

మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కొళాయి తిప్పి చాలాసేపు వదిలేసింది. ఏమీ కడగలేదు, గిన్నెల చప్పుడు రాలేదు.

మార్చి 17

ఇదుగో, ఇది నీకు.

ఎవరూ చదవరని మొదలుపెట్టాను. ఇప్పుడు నువ్వు చదవాలి. నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివావు, ఈ కోడి కెలుకుడు నీకు అర్థమవుతుంది. మొదటి నుంచీ చదువు. నీ తమ్ముడి గురించి రాసింది చదివి కోప్పడకు. కోప్పడినా సరే, కొట్టెయ్యను.

బెల్టు వదులవలేదు. కొట్లో బట్టలు తొడుక్కుని చూసుకునే నిలువుటద్దం ఉంది కదా, మిషన్‌కి ఎదురుగా. రెండోసారి చక్రం ఆగినప్పుడు అందులో చూశాను. నేను తొక్కుతున్నాను. మోకాలు కొద్దిగా ఆడుతోంది కూడా. పాదం మాత్రం పెడల్ మీద లేదు. పక్కన నేల మీద పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. చెప్పు ఇంకా అవతల ఉంది. అది నా కాలని తెలియడానికి కాసేపు పట్టింది. అంతసేపూ నేను తొక్కుతూనే ఉన్నాననుకున్నాను.

నీళ్ళు వేడిగానే ఉన్నాయి. బొబ్బ చెప్పుది కాదు. నీకు ఆ రోజే తెలిసింది. అందుకే నోరు పడిపోయింది, అందుకే తొందర. కారు తిప్పడానికని రాశాను, అది తప్పు. ఆ ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ తెలిసిన దానివి నాతో ఎందుకు చెప్పలేదు? తమ్ముడితో చెప్పావు. డాక్టరుతో చెప్పావు. కారులో వెళ్ళేటప్పుడు ముగ్గురం ఉన్నాం, ఇద్దరికి తెలుసు. నా కాలు సంగతి అందరికీ తెలిశాక చివరికి నాకు తెలిసింది, అదీ అద్దం చెబితే. నాకు ఆపరేషన్ మీద కోపం కాదు. దీని మీద. ఇంకా తగ్గలేదు. ఈ పుస్తకం నీ చేతికొచ్చేసరికి కూడా తగ్గదు.

నా మనసు నీకు తెలుసంటావు. ముప్పాతిక తెలుసు. తక్కిన పాతిక నాక్కూడా తెలియదు, ఎవరైనా అడిగితే వెతుక్కుని చెప్పాలి.

అందుకని ఇలా చెయ్యి. నీ తమ్ముడు లేనప్పుడు, స్టూలు నాకు ఎదురుగా వేసుకో, పక్కగా కాదు. నడుము చేయించుకుంటారా అని అడుగు. అడిగాక ఆగు. నా తల వైపు చూడకు, అందులో ఏమీ ఉండదు. నా మాట పైకి రావడానికి టైము పడుతుంది. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ పిల్ల ఆగింది, నువ్వూ ఆగగలవు. అప్పుడు చెబుతాను. ఇక్కడ రాయను. రాసేస్తే మళ్ళీ నువ్వు అడగవు.

డాక్టరుని మిషన్ సంగతి నేనే అడుగుతాను. నువ్వు నా పక్కన కూర్చో, నా మాట అందుకోకు. తొక్కలేవన్నా మిషన్ కొట్లోనే ఉంటుంది. అది ఎవరికి ఇవ్వాలో, ఇవ్వకూడదో నేను చెబుతాను.

నేనూ నిన్నొకటి అడుగుతున్నాను. నీకు భయంగా ఉందా? నాకుంది. మొన్నటి దాకా నొప్పి లేదు నొప్పి లేదు అని రాసింది అందుకే. నువ్వు నా తరఫున ఎన్నో మాటలు చెప్పావు, మీ తమ్ముడు నీ తరఫున చెబుతున్నాడు. ఈ ఒక్కటీ నీ మాటగా నువ్వు చెప్పు.

పుస్తకం టీ పొడి డబ్బా పక్కన పెడుతున్నాను, నీ చెయ్యి రోజూ ముందు పోయేది అక్కడికే. నేను ముందు గదిలో కూర్చుని ఉంటాను.

చదివిన వెంటనే వచ్చి జవాబు చెప్పు. నేనైతే ఎంతసేపైనా ఆగగలను. కాలు ఆగేలా లేదు.